మా అవ్వ, చందమామ, కొన్ని పేర్లు

మా ఊరి పేరులో ఒక పాము దాక్కుని ఉంది. పావగడ అనే మాటలో ‘పావు’ అంటే పాత కన్నడంలో పాము. తెలుగులో ‘ప’తో మొదలయ్యే ఎన్నో మాటలు నేటి కన్నడంలో ‘హ’తో మొదలవుతాయి. మన పాలు వాళ్ళకు హాలు, మన పులి వాళ్ళకు హులి, మన పల్లె వాళ్ళకు హళ్ళి. అలాగే పావు కాస్తా హావు అయింది. ఊరి పేరు మాత్రం పాత మాటనే పట్టుకుని ఉండిపోయింది. ఇది పాముల కొండ అని మా పెద్దలు చెప్పేవారు. పేరన్నది పిలవడానికే కాదు, లోపల ఏదో దాచుకోవడానికి కూడా అని నాకు చిన్నప్పుడే తెలిసింది అలాగే.

ఈ సంగతి మళ్ళీ గుర్తుకు రావడానికి కారణం మా తమ్ముడి కూతురు. బెంగళూరులో ఎనిమిదో తరగతి చదువుతోంది. మొన్న వేసవి సెలవులకు మా ఇంటికి వచ్చినప్పుడు చేతిలో దిండంత హారీ పాటర్ పుస్తకం ఉంది. భోజనాల దగ్గర కూడా దాన్ని వదల్లేదు.

“పెద్దనాన్నా, వోల్డెమార్ట్ అంటే అర్థం తెలుసా?” అని అడిగింది.

“తెలియదమ్మా, నువ్వే చెప్పు” అన్నాను.

ఇక చూడండి, పాఠం మొదలైంది. ఫ్రెంచిలో ‘వోల్’ అంటే ఎగిరిపోవడం, దొంగతనం అని కూడా. ‘మోర్’ అంటే చావు. చావుకు దొరకకుండా పారిపోవాలని చూసే దుష్టుడికి ఆ పేరు పెట్టారు. ఆ మంత్రాల బడికి పెద్ద అయిన డంబుల్‌డోర్ పేరు ఒకప్పటి ఇంగ్లీషులో తుమ్మెదలాంటి పురుగు పేరు. ఆయన తనలో తాను కూనిరాగం తీసుకుంటూ తిరుగుతున్నట్టు ఊహించుకుని రచయిత్రి రౌలింగ్ ఆ పేరు పెట్టారట. లూపిన్ అనే మాస్టారు పున్నమి రాత్రి తోడేలుగా మారిపోతాడు. లాటిన్‌లో ‘లూపస్’ అంటే తోడేలే!

నేను నిజంగానే ఆనందించాను. కానీ చివర్లో ఆ పిల్ల, “మన తెలుగు కథల్లో ఇలాంటివి ఉండవు కదా పెద్దనాన్నా?” అంది. ఆ ‘కదా’ నాకు ముల్లులా గుచ్చుకుంది. తప్పు ఆ పిల్లది కాదు. ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది గానీ చదవలేదు. బడిలో ఇంగ్లీషు, దాని పక్కన కన్నడం. తెలుగు అక్షరం చూపించినవాళ్ళు ఎవరు?

నాకూ బడిలో తెలుగు లేదు. పటంలో చూస్తే మా తాలూకా దాదాపు మూడు వైపులా ఆంధ్రను ఆనుకుని ఉంటుంది. ఇళ్ళలో, సంతలో వినిపించేది ఎక్కువగా తెలుగే. బడి, కచేరీ మాత్రం కన్నడం. నేను చదివింది కన్నడ మాధ్యమంలో, ఆ తరువాత బి.కాం. మరి తెలుగు చదవడం ఎలా వచ్చిందంటారా? పేర్లతో వచ్చింది!

1976లో నాకు ఎనిమిదేళ్ళు. మా బడికి కన్నడ ‘చందమామ’ వచ్చేది. హిందూపురంలో ఉండే మా మేనమామ వచ్చినప్పుడల్లా తెలుగు ‘చందమామ’ తెచ్చేవాడు. నాగిరెడ్డి, చక్రపాణి గార్లు 1947 జులైలో ప్రారంభించిన ఆ పత్రిక తరువాత పదికి పైగా భాషల్లో వచ్చింది. ఏ భాషలో అయినా కథలు అవే, బొమ్మలు అవే. ఆ రోజుల్లో ‘మాయాసరోవరం’ సీరియల్ నడుస్తోంది. కన్నడ పుస్తకంలో ‘జయశీల’ అని ఉన్న చోట తెలుగు పుస్తకంలో కొంచెం తేడాగా ఏదో ఉంది. బొమ్మ అదే, మనిషి అతనే. రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుని అక్షరం అక్షరం పోల్చాను. మన రెండు లిపులూ అక్కాచెల్లెళ్ళు కనుక చాలా అక్షరాలు వాటంతట అవే పలికాయి. క, త, శ వంటివి మాత్రం మొరాయించాయి. చివర ఒక అక్షరం ఎక్కువ ఉంది. జయశీల తెలుగులోకి వస్తే జయశీలుడు! సిద్ధసాధక వస్తే సిద్ధసాధకుడు! తెలుగువాళ్ళు మగవాళ్ళందరికీ ‘డు’ అంటిస్తారని కనిపెట్టి, ఆ వారమంతా బడిలో స్నేహితులందరికీ ‘డు’ తగిలించి పిలిచాను. ఇద్దరు ముగ్గురు కొట్టడానికి కూడా వచ్చారు.

పెద్దయ్యాక ఒక పుస్తకంలో రోజెట్టా రాతి కథ చదివాను. ఈజిప్టు బొమ్మల లిపిని 1822లో షాంపోలియన్ విప్పింది రాజుల, రాణుల పేర్లు పట్టుకునేనట. భాష మారినా పేరు పలుకు మారదు కనుక అదే తాళంచెవి అయింది. చదివి నవ్వుకున్నాను. పావగడలో ఎనిమిదేళ్ళ పిల్లవాడు చేసిందీ అదే కదా!

అక్షరాలు వచ్చాక నాకొక ఉద్యోగం దొరికింది. మా అవ్వకు చదివి వినిపించడం. అవ్వకు చదువు రాదు గానీ పేరు వినగానే మనిషిని తూకం వేసేది. ‘యక్షపర్వతం’లో ఖడ్గవర్మ, జీవదత్తుడు అనే ఇద్దరు ఉంటారు. “ఒకనికి కత్తి, ఒకనికి బుద్ధి. ఇద్దరూ కలిసి పోతేనే పని అయితాది” అని ముందే చెప్పేసింది. వర్మ అంటే కవచమనీ, కత్తినే కవచంగా తొడుక్కున్నవాడు ఖడ్గవర్మ అనీ నాకు తరువాత ఎప్పుడో తెలిసింది. ‘శిథిలాలయం’లో శబరుల యువకుడి పేరు శిఖిముఖి, అతని స్నేహితుడు విక్రమకేసరి. శిఖి అంటే నెమలి, నిప్పు కూడా. కేసరి అంటే సింహం. ఒక స్నేహంలో నెమలినీ, సింహాన్నీ పక్కపక్కన నడిపించారు! ‘భల్లూకమాంత్రికుడు’ మొదలైనప్పుడు భల్లూకమంటే ఏమిటని అవ్వ అడిగింది. ఎలుగుబంటి అన్నాను. “ఎలుగొడ్డు మంత్రగాడా! అయితే వాడు మన కొండల్లోనే ఉంటాడు, చీకటి పడినాక బయటికి పోవద్దు” అంది. మా వైపు గుట్టల్లో ఎలుగుబంట్లు నిజంగానే ఉన్నాయి. నేను రెండు నెలలు బయటికి పోలేదు.

అన్నిటికంటే నన్ను ఆశ్చర్యపరిచింది ‘రాకాసిలోయ’లోని బ్రహ్మదండి మాంత్రికుడు. అది మామ ఇంట్లో దాచిన పాత సంచికల్లోది. చేతిలో దండం ఉంది కాబట్టి ఆ పేరు అనుకున్నాను. ఒకరోజు చేనుకు పోయినప్పుడు గట్టు మీద పసుపు పూల ముళ్ళచెట్టును చూపించి అవ్వ, “అదిగో, నీ బ్రహ్మదండి” అంది. ఆకునిండా ముళ్ళు, విరిస్తే పసుప్పచ్చని పాలు. ఇప్పుడు తిరుమణి చుట్టుపక్కల వేల ఎకరాల్లో సౌరవిద్యుత్ పలకలు పరిచారు. అయినా గట్ల మీద, బీళ్ళలో ఆ చెట్టు ఇంకా కనిపిస్తుంది. చూసినప్పుడల్లా ఒక మాంత్రికుడు నిలబడినట్టే ఉంటుంది నాకు. ‘ముగ్గురు మాంత్రికులు’లో పద్మపాదుడి పేరు కూడా ఊరికే వచ్చింది కాదు. గురువు పిలవగానే నది మీద నడిచి వచ్చిన శంకరాచార్యుల శిష్యుడి పేరది. ఆయన అడుగు పెట్టిన చోటల్లా పద్మం పూసిందని కథ.

అన్ని పేర్లూ ఇలా సరిహద్దు దాటవు. ‘మాయాబజార్’ శశిరేఖ తమిళంలో వత్సల. కన్నడ యక్షగానంలో కనకాంగి. వ్యాసుని భారతంలో అసలు ఆ అమ్మాయే లేదు. అందుకే ఎవరికి నచ్చిన పేరు వాళ్ళు పెట్టుకున్నారు. ఒకరికి నెలవంక, ఒకరికి బంగారు మేను. ఘటోత్కచుడు మాత్రం ఎక్కడైనా ఘటోత్కచుడే. కుండలాంటి తల, దాని మీద వెంట్రుక లేదు. పుట్టిన బిడ్డను చూసి ముద్దుగా పెట్టిన పేరే మహావీరుడి పేరైపోయింది.

ఇక అసలు విషయానికి వస్తాను. అవ్వ నాకు బాలనాగమ్మ కథ చెప్పేది. అందులో మాయల ఫకీరు దగ్గర తిప్పడు అని ఒకడున్నాడు. ఆ పేరు వినగానే నేను పడీపడీ నవ్వాను. తిప్ప అంటే కసువు పోసే దిబ్బ అని మా ఇళ్ళలో అందరికీ తెలుసు. “దిబ్బ పేరు ఎవరన్నా పెట్టుకుంటారా అవ్వా?” అన్నాను. అవ్వ నవ్వలేదు. కాసేపు మాట్లాడలేదు. మా అవ్వ పేరు కూడా ఆ మాటతోనే మొదలవుతుందని నాకు అప్పుడు తట్టింది.

“నా ముందర ముగ్గురు పోయినారు నాయనా” అంది. “నేను పుట్టంగానే మాయమ్మ నన్ను చేటలో పెట్టి తిప్ప మీద పండబెట్టింది. పక్కింటామె ఎత్తుకొని వచ్చి, తవుడు తీసుకొని మళ్ళీ మాయమ్మకే ఇచ్చింది. పారేసిన బిడ్డ, దిబ్బ పేరు బిడ్డ. ఇట్లాంటిదాన్ని ఎవరు తీసుకపోతారు? చావు కూడా వద్దని పోతాది. అందుకే బతికినా.”

పెంటయ్య, పుల్లయ్య, తవుటయ్య, తిప్పన్న వంటి పేర్ల వెనుక ఇలాంటి తల్లులు ఎందరున్నారో! బ్యాంకులో చేరాక ఖాతా పుస్తకాల్లో ఆ పేర్లు కనబడితే నా చేయి ఒక్క క్షణం ఆగేది. కొందరు కుర్రవాళ్ళు తాత పేరు చెప్పడానికి సిగ్గుపడేవారు. పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా సొమ్ము ఇవ్వలేని కొలువు నాది. ఒక పేరు బరువెంతో నాకంటే ఎవరికి బాగా తెలుస్తుంది?

అయినా నేనూ ఒక తప్పు చేశాను. అవ్వ పోయిన చాలా ఏళ్ళకు పాత ఇల్లు బాగుచేయించినప్పుడు, ఇంట్లో తెలుగు చదివేవాళ్ళు ఎవరూ లేరు కదా అని, చందమామల కట్టలు తూకానికి ఇచ్చేశాను. ఎందుకో నాలుగు పుస్తకాలు మాత్రం ట్రంకు పెట్టెలో ఉండిపోయాయి. 2010లో పత్రికల్లో ఒక వార్త చదివాను. చందమామలో 1952 నుంచి 2006 దాకా పనిచేసిన దాసరి సుబ్రహ్మణ్యం గారు కన్నుమూశారని. ‘తోకచుక్క’ మొదలు ‘భల్లూకమాంత్రికుడు’ దాకా ఆ పన్నెండు సీరియళ్ళూ రాసింది ఆయనేనని నాకు అప్పుడే తెలిసింది. ఎందుకంటే సీరియల్ మీద రచయిత పేరు ఉండేది కాదు. ఇన్ని వందల పాత్రలకు పేర్లు పెట్టిన మనిషి తన పేరు మాత్రం పెట్టుకోలేదు! నాకు తెలుగు నేర్పిన మాస్టారి పేరు నాకు నలభై దాటాక తెలిసింది. ఆ తరువాత కొన్నేళ్ళకే చందమామ కూడా ఆగిపోయింది.

మా తమ్ముడి కూతురు ‘కదా?’ అన్న మర్నాడు ట్రంకు పెట్టె తెరిచాను. ఒక బొమ్మ చూపించి కింద ఉన్న పేరు చదవమన్నాను. “నాకు తెలుగు రాదు” అంది. “కన్నడం వచ్చు కదా, అట్లే చదువు” అన్నాను. నేను పడ్డ తిప్పలే ఆ పిల్లా పడింది. శ దగ్గర ఆగింది. పది నిమిషాలకు “శిఖిముఖి!” అని అరిచింది. నెమలి సంగతి చెప్పాను. బ్రహ్మదండిని చూపించడానికి సాయంత్రం చేను గట్టుకు తీసుకుపోయాను. దారిలో వాళ్ళ ముత్తవ్వ పేరు సంగతి కూడా చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, “వోల్డెమార్ట్ చావు నుంచి తప్పించుకోవాలని ఎందరినో చంపాడు పెద్దనాన్నా. ముత్తవ్వ వాళ్ళమ్మ ఒక పేరు పెట్టి తప్పించింది, అంతే కదా!” అంది.

ఈసారి ఆ ‘కదా’ గుచ్చుకోలేదు.

ఊరికి వెళ్ళే రోజున తన హారీ పాటర్ పుస్తకం మొదటి పేజీలో ఏదో రాసి నాకు చూపించింది. వంకరటింకరగా తెలుగు అక్షరాలు. మా అవ్వ పేరు. ‘ప్ప’ ఒత్తు కొంచెం పక్కకు జరిగింది గానీ తప్పు లేదు. బ్యాంకులో సంతకం సరిచూసే అలవాటున్నవాణ్ణి, రెండుసార్లు చూశాను.

మీ ఇళ్ళలోనూ తెలుగు మాట్లాడి, చదవలేని పిల్లలు ఉంటే అ ఆలతో మొదలుపెట్టకండి. ఇంట్లో పెద్దవాళ్ళ పేరు ఒకటి రాసి ఇవ్వండి. ఆ పేరెందుకు వచ్చిందో చెప్పండి. మిగతా అక్షరాలు వాటంతట అవే వస్తాయి. నాకు అలాగే వచ్చాయి.