అల్లవరంలో పాత బుట్టకమ్మలు

అమలాపురం దాటాక అల్లవరం దాకా కాలువలూ, కొబ్బరితోటలూ. అక్కడ కంసాలి ఆచారిగారి పని వీధివైపు చిన్నగదిలో. కుంపటి, దాగలి, పటకార్లు, తీగలాగే కమ్మచ్చు. గ్యాసు మంట కూడా ఉంది గానీ సన్నపనికి ఇప్పటికీ నోటితో ఊదే గొట్టమే.

మా అత్తగారి బుట్టకమ్మలు ఆయన చేతికిచ్చాను. బుట్ట అంచున గుండ్లు కొన్ని ఊడిపోయాయి. పట్నంలో ఒక దుకాణంలో చూపిస్తే, బాగుచెయ్యం, కరిగించి కొత్తవి తీసుకోమన్నారు. ఆచారిగారు భూతద్దంతో తిప్పితిప్పి చూశారు.

"అచ్చుపోసిన సరుకు కాదమ్మా ఇది. ఒక్కో గుండూ విడిగా చేసి అతికించారు. ఎవరండీ దీన్ని కరిగించమంది?"

సన్నతీగ ముక్క కత్తిరించి బొగ్గుమీద పెట్టి ఊదారు. ముక్క ఎర్రబడి, కరిగి, ముడుచుకుని తనంతట తానే గుండ్రమైంది. గోధుమరవ్వంత. తర్వాత గురివింద గింజని నీళ్లతో రాతిమీద అరగదీశారు. ఒకప్పుడు బంగారం తూచిన ఆ గింజే గుండుని కదలకుండా నిలిపే జిగురు కూడా! (లోపలి పప్పు విషం, అందుకే పిల్లలకి అందకుండా డబ్బాలో దాస్తారు.) వెలిగారం, టంకం పొడి వేసి మళ్లీ ఊదారు. మంట కాస్త ఎక్కువైతే టంకంతో పాటు గుండూ కరిగిపోతుంది. నల్లబడ్డ అంచుని చింతపండు నీళ్లలో మరిగించి, కుంకుడురసంతో తోమితే మెరుపు తిరిగొచ్చింది.

ఇలాంటి గుండ్లపనే ఉన్న క్రీ.పూ. 1వ శతాబ్దపు బంగారు చెవినగల జత న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. మన ఆంధ్రలోనే చేసి ఉంటారని మ్యూజియం వారి అంచనా. రెక్కల సింహాన్నీ, ఏనుగునీ రేకు, తీగ, గుండ్లతో కట్టారు. జగ్గయ్యపేటలో దొరికిన చక్రవర్తి శిల్పం చెవులకూ ఇలాంటివే కనిపిస్తాయి. ఫోనులో బొమ్మ చూపిస్తే ఆచారిగారు పెద్దది చేసుకుని చాలాసేపు చూశారు.

"గుండ్లపని మాదేనండి" అన్నారు.

రెండువేల ఏళ్ల పనితనం ఈ గదిలో ఇంకా బతికుందంటే నాకు ఒళ్లు పులకరించింది. అదే పనికి దుకాణంలో వెల లేదు. పాతనగ మార్చుకుంటే బంగారం బరువుకే డబ్బిస్తారు, రాళ్లూ లక్కా తీసేస్తారు. కొత్తదానికి మజూరీ, తరుగు మళ్లీ మనమే కట్టాలి. మీ బీరువాలో అమ్మమ్మల నాటి కమ్మలుంటే, మార్చేముందు ఒక్కసారి మీ ఊరి ఆచారిగారికి చూపించండి.