ఏడో బెడ్ లక్ష్మి

"కంప్యూటర్లో నర్సింగేమిటే? సూది వెయ్యడం కూడా అందులోనే నేర్పుతారా?" అని ఫోన్లో అమ్మ ఒకటే నవ్వు. హ్యూస్టన్‌లో నైట్ డ్యూటీలు చేసుకుంటూ ఆన్‌లైన్‌లో మాస్టర్స్‌కి చేరానని చెప్పినప్పటి మాట. నిజానికి నా అనుమానమూ అదే.

రెండో సెమిస్టర్లో రోగుల భద్రత మీద ఓ పేపరుంది. ఆస్పత్రుల్లో పొరపాట్లవల్ల అమెరికాలో ఏటా 44 వేల నుంచి 98 వేలమంది చనిపోతున్నారని 1999లో ఒక నివేదిక అంచనా వేసింది. ఆ తర్వాత 2005లో మొదలైన 'క్యూసెన్' ప్రాజెక్టు నర్సులకు భద్రతను ప్రత్యేకంగా నేర్పాలంటూ ఆరు నైపుణ్యాలను ఖరారు చేసింది. 2009లో వాటిని పీజీ స్థాయికీ తెచ్చింది. ఇవన్నీ బట్టీపట్టి రాసేయొచ్చనుకున్నా. టీచరు వదల్లేదు. "మీ చేతుల్లో త్రుటిలో తప్పిన ప్రమాదం ఒకటి రాయండి. ఎవరిది తప్పని కాదు, ఎందుకు జరగబోయిందో వెతకండి" అన్నారు.

మూడు రోజులు ఒక్క అక్షరం రాయలేదు. మావారికి కూడా చెప్పని సంగతి ఒకటుంది మరి.

ఉద్యోగంలో చేరిన కొత్త. మన దగ్గరే ఓ ఆస్పత్రిలో జనరల్ వార్డు. రాత్రిపూట 32 పడకలకూ నేనొక్కదాన్నే. ఆరో బెడ్ మీద లక్ష్మి, ఏడో బెడ్ మీదా లక్ష్మే. ఇన్సులిన్ సిరంజితో ఏడో బెడ్ దగ్గరికెళ్లి "లక్ష్మిగారేనా?" అన్నా. "అవునమ్మా" అందావిడ. స్పిరిట్ దూదితో తుడిచేశా కూడా. కింద చాప మీద పడుకున్న కోడలు లేచి, "మా అత్తయ్యకి షుగర్ లేదు కదండీ" అంది.

ఎవరికీ చెప్పలేదు. చెబితే మెమో తప్ప ఏమొస్తుంది?

చివరికి అదే రాశా. 'ఎందుకు' అని ఒకటికి ఐదుసార్లు వేసుకుంటూ పోతే నా నిద్రమత్తు దగ్గర మొదలై, చేతికి పేరు పట్టీ లేకపోవడం, ఒకే పేరున్న ఇద్దర్నీ పక్కపక్కన ఉంచడం దాకా వెళ్లింది. అన్నిటికన్నా తప్పు నా ప్రశ్నదే. "లక్ష్మిగారేనా" అంటే మగతలో ఉన్నవాళ్లెవరైనా అవుననే అంటారు. పేరు, పుట్టినతేదీ వాళ్ల నోటితోనే చెప్పించాలి. (మన పెద్దవాళ్లకు తేదీ గుర్తులేకపోతే భర్త పేరో, కేస్‌షీటు నంబరో.) ఇక్కడ రోజూ అలాగే అడుగుతున్నా, ఎందుకో మాత్రం ఆ రాత్రే అర్థమైంది.

తెల్లారేసరికి వేరే వేరే రాష్ట్రాల్లోని క్లాస్‌మేట్లు ఒక్కొక్కరే తమవీ రాశారు. ఎదురెదురుగా కూర్చుంటే అంత ధైర్యం చేసేవాళ్లం కాదేమో.

టీచరు జవాబు ఒక్కటే వాక్యం. "ఆ రాత్రి మీ వార్డులో పనిచేసిన ఒకే ఒక్క రక్షణ ఆ కోడలు."

ఆవిడ పేరు నాకు తెలీదు. "సరే, మీరు పడుకోండి" అని కసిరి వచ్చేశాను.