కోతగిరి దారిలో నాలుగు ఆదివారాలు

మెట్టుపాళయంలో భవాని వంతెన దాటాక కొండదారి రెండుగా చీలుతుంది. ఒకటి కల్లారు మీదుగా కూనూరుకు, రెండోది కుంజప్పనై మీదుగా కోతగిరికి. మన కోయంబత్తూరు మిల్లు కుటుంబాలకు మొదటిది బాగా తెలుసు. బోనస్ చేతికొచ్చిన ఏడు పిల్లల్ని ఊటీ తీసుకెళ్ళని ఇల్లు మన లైన్లలో ఉండదు. పళ్ళ పట్టా పట్టుకుని పాకే ఆ చిన్న రైలు 46 కిలోమీటర్లు ఎక్కడానికి దాదాపు అయిదు గంటలు తీసుకుంటుంది. అయినా ఎవరికీ తొందర ఉండదు. రెండో దారి మనవాళ్ళు అంతగా ఎరగరు. ఈ మధ్య నేను నాలుగు ఆదివారాలు ఆ దారిలోనే గడిపాను. వేడుక చూడటానికి కాదు, వేగం ఎలా నేర్పుతారో చూడటానికి.

మా అక్క కూతురు ప్లస్ టూ చదువుతోంది. మౌంటెన్ బైక్ పందేలకు తయారవుతోంది. బైక్ అంటే మోటారు బండి కాదండీ. లావు టైర్లు, ముందు షాక్ అబ్సార్బర్, డిస్క్ బ్రేకులు ఉన్న సైకిలే. వచ్చే నెల జట్టు ఎంపిక ఉంది. అందులో నిలిస్తే స్పోర్ట్స్ కోటాలో కాలేజీ సీటు అడగడానికి ఒక దారి దొరుకుతుంది. బావ పనిచేసిన మిల్లు మూతపడ్డాక డబ్బు కట్టి చదివించే స్తోమత ఆ ఇంట్లో లేదు. అయినా అక్కకు భయం. "కొండమీంచి అంత స్పీడుగా దిగి కాలో చెయ్యో విరగ్గొట్టుకుంటే ఎవరు చూస్తార్రా? నువ్వెళ్ళి చూసిరా తమ్ముడూ. నువ్వు వద్దంటే మాన్పించేస్తా" అంది. అలా ఆ బరువు నా నెత్తిన పడింది.

పొద్దున అయిదింటికి సింగానల్లూరులో చిన్న వ్యానులో ఆరు సైకిళ్ళు ఎక్కిస్తారు. వెనక నేను నా టీవీఎస్ మీద. మెట్టుపాళయం దాటాక పోక తోటలు, ఆ తర్వాత అడవి. కుంజప్పనై దగ్గర బాగా వెలుగొచ్చేదాకా ఆగాల్సిందే. పనస కాయలు పండే రోజుల్లో ఏనుగులు రోడ్డు మీదికే వస్తాయి. అడవి దాటితే చలిగాలి, తేయాకు తోటలు, బడగవాళ్ళ ఊళ్ళు. మెట్టుపాళయం నుంచి కోతగిరికి సుమారు 33 కిలోమీటర్లు. ఆ దూరంలో మనం 1,400 మీటర్లకు పైగా పైకి వెళ్తాం.

నేను దిగుడు చూడాలని పోయాను. వాళ్ళు మొదటి ఆదివారమంతా ఎక్కుతూనే ఉన్నారు. నాలుగు నిమిషాలు ఊపిరి ఆడనంత గట్టిగా తొక్కడం, మూడు నిమిషాలు మెల్లగా కిందికి రావడం, మళ్ళీ ఎక్కడం. ఇలా నాలుగుసార్లు. ఇదేంటి సార్ అని మాస్టారుని అడిగితే ఆయన ఓపిగ్గా చెప్పారు. ఒలింపిక్స్‌లో 1996 నుంచీ ఉన్న క్రాస్ కంట్రీ పందెం ఇదే. పెద్దవాళ్ళ పందెం గంటన్నర దాకా సాగుతుంది. అందులో ఎక్కువ సేపు గడిచేది ఎక్కుడు మీదే. కాబట్టి గెలుపోటములు చాలావరకు అక్కడే తేలతాయి. పైగా ఒక్క సైకిల్ పట్టే సన్నదారిలో ముందువాణ్ణి దాటడం కష్టం. అందుకని బయల్దేరిన మొదటి నిమిషం కోసం 30 సెకన్ల పరుగులు వేరే చేయిస్తారు. ఇంత కష్టం వారానికి రెండు రోజులే. మిగతా రోజులు పక్కవాళ్ళతో మాట్లాడుకుంటూ తొక్కేంత నిదానం. ఒక రోజు పూర్తి విశ్రాంతి.

రెండో ఆదివారం దిగుడు. అరవేను దగ్గర ఒక తోటవాళ్ళ అనుమతి తీసుకుని వాళ్ళ మట్టిదారిలో చేయిస్తారు. మాస్టారు ప్రతి మలుపుకూ ముందు సున్నంతో ఒక గీత గీశారు. బ్రేకు పని ఆ గీత లోపలే అయిపోవాలి. మలుపులో బ్రేకు గట్టిగా పడితే టైరు జారుతుంది. "వేగం రెట్టింపైతే ఆగడానికి నాలుగింతల దూరం కావాలి. అది ఒంటికి తెలియాలి అన్నా" అన్నారు నాతో. చూపు చక్రం ముందున్న రాయి మీద కాకుండా మలుపు అవతలికి పోవాలి. మోచేతులు, మోకాళ్ళు వంగి ఉండాలి. మలుపులో బయటివైపు పెడల్ కిందికి దించి ఒంటి బరువు దాని మీద వెయ్యాలి, సైకిల్‌ని లోపలికి వాల్చాలి. ఇవన్నీ మొదట నడక వేగంతో. తర్వాత కొంచెం, ఇంకొంచెం. "మామా, ముందే నెమ్మదిస్తే మలుపులోంచి ఎంత జోరుగా బయటికి రావచ్చో చూశావా?" అంది పిల్ల. మొహమంతా దుమ్ము, నవ్వు.

మూడో ఆదివారం కోతగిరిలో మంచు, సన్నవాన. మట్టి జిగటగా మారింది. ఎంపిక దగ్గర పడుతోంది. పిల్లలంతా ఒక్కసారైనా దిగుతామని పట్టుబట్టారు. మా పిల్ల ఏడ్చినంత పని చేసింది. మాస్టారు వినలేదు. సైకిళ్ళు తిరిగి వ్యాను ఎక్కించి, టీ తాగించి, బ్రేకు ప్యాడ్లు విప్పి ఎంత అరిగాయో చూడటం, టైర్లలో గాలి కొలవడం నేర్పించారు. ఆ పూటంతా అదే పాఠం.

నేను 26 ఏళ్ళు రింగ్ ఫ్రేమ్ దగ్గర పనిచేశాను. స్పిండిల్ స్పీడు పెంచితే నూలు ఎక్కువ వస్తుందని అందరికీ తెలుసు. పత్తి బాగా లేని రోజు, గాలిలో తేమ తప్పిన రోజు అదే స్పీడు పెడితే దారాలు తెగుతూనే ఉంటాయి. అతుకులు వేసే ఆడవాళ్ళకు నడుం ఎత్తే తీరిక ఉండదు. అది తెలిసీ టార్గెట్ కోసం స్పీడు తగ్గించని సూపర్‌వైజర్లను చూశాను. తగ్గించమని అడగగల మేస్త్రీలు తక్కువ. ఈ మాస్టారు ఎవరూ అడక్కుండానే ఆపేశారు. పిల్లని ఆయన చేతికి అప్పగించవచ్చని నాకు ఆ వానరోజే అనిపించింది.

నాలుగో ఆదివారం అక్కని కూడా తీసుకెళ్ళాను. రోడ్డు పక్క రాయి మీద కూర్చుని కొంగు నోట్లో పెట్టుకుని చూసింది. పిల్ల నాలుగు నిమిషాల ఎక్కుడులో మొదటి వారం ఆగిన కల్వర్టు దాటి పై మలుపుదాకా వెళ్ళింది. "ఎక్కేది ఎంతసేపైనా చూస్తాలే. దిగేటప్పుడు మాత్రం నన్ను పిలవొద్దు" అంది అక్క. మాన్పించమని మాత్రం అనలేదు. హెల్మెట్, గ్లౌజులు, మోకాలి ప్యాడ్లు లేకుండా ఎక్కకూడదు, ఒంటరిగా కొండకి పోకూడదు అని రెండు షరతులు పెట్టింది. పిల్ల సరేనంది. ఎంపిక ఎలా ఉంటుందో వచ్చే నెల తెలుస్తుంది.

మన ఇళ్ళల్లో ఇంకెవరైనా పిల్లలు ఇందులోకి దిగాలనుకుంటే, ఖరీదైన సైకిల్ కోసం అప్పు చెయ్యకండి. గట్టి బ్రేకులు, సరైన సైజు ఉన్న సైకిల్ చాలు మొదలుపెట్టడానికి. అడవిదారుల్లో అనుమతి లేకుండా వెళ్ళకండి, చీకట్లో అసలు వద్దు. నేర్పేవారి దగ్గర ఒక్క ఆదివారం కూర్చుని చూడండి. ఎంత స్పీడు నేర్పుతారని కాదు, ఏ రోజు వద్దంటారో అడగండి.