మూడున్నర వాట్ల సాక్షి

మా అబ్బాయి హైదరాబాదులో ఇల్లు మారుతూ, పారేయబోయిన సామానులోంచి ఒక రాస్ప్‌బెర్రీ పై బోర్డు తెచ్చి నా చేతిలో పెట్టాడు. అరచేతిలో పట్టే కంప్యూటరు. పిల్లలకు ప్రోగ్రామింగు నేర్పడానికని 2012లో ఇంగ్లండు వాళ్లు 35 డాలర్లకు అమ్మిన మొదటి రకం. 700 మెగాహెర్ట్జ్ ప్రాసెసరు, 512 మెగాబైట్ల ర్యామ్. "దీనిమీద యూట్యూబు కూడా సరిగా ఆడదు నాన్నా" అన్నాడు. ఆడకపోతే ఏం? యూట్యూబు చూడ్డానికి మా కొంటలో ప్రతి జేబులోనూ ఫోను ఉంది. ఫోను చెయ్యని పని ఇది ఏదైనా చేస్తుందా అన్నదే ప్రశ్న.

కొంట తెలియని మిత్రుల కోసం ఒక మాట. పాత బస్తరు జిల్లాకు దక్షిణపు కొస ఇది, 2012 నుంచి సుక్మా జిల్లాలో ఉంది. శబరి ఒడ్డున, ఛత్తీస్‌గఢ్, ఒడిశా, ఆంధ్ర కలిసే చోటు. బజారులో తెలుగు, ఆఫీసులో హిందీ, లోపలి ఊళ్లలో దోర్లి, గోండి. వానాకాలంలో కరెంటు ఎప్పుడు పోతుందో తెలుసు గాని ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేరు.

అక్కడే ఈ బుల్లి యంత్రం విలువ తెలిసింది. ఇది తినేది మూడున్నర వాట్లు. అంటే ఇరవై నాలుగు గంటలకు 84 వాట్-గంటలు. 12 వోల్టుల, 7 ఆంపియర్-గంటల చిన్న బ్యాటరీలో ఉండేదీ సరిగ్గా 84. కాగితం మీద ఒక రోజు! నిజానికి లెడ్ యాసిడ్ బ్యాటరీని సగం కంటే కిందికి దించితే త్వరగా చస్తుంది, పన్నెండు వోల్టుల్ని అయిదుకు దించడంలో కొంత వృథా పోతుంది. కాబట్టి పది గంటలు అనుకోండి. చిన్న సోలార్ పలక పెడితే రాత్రి గడిచిపోతుంది. మామూలు డెస్క్‌టాప్ కంప్యూటరు అదే బ్యాటరీని గంటలోపే ఖాళీ చేస్తుంది.

చదువు రానివాళ్లకు చిన్న కంప్యూటరు అన్న ఆలోచన కొత్తదేమీ కాదు. బెంగుళూరు శాస్త్రవేత్తలు, ఇంజనీర్లు కలిసి చేసిన సింప్యూటర్ 2004లో బజారుకు వచ్చింది. అందులో లినక్సు ఉంది, అక్షరాల్ని చదివి వినిపించే ఏర్పాటూ ఉంది. ఛత్తీస్‌గఢ్‌లో చదువుల కోసం ఒక ప్రాజెక్టులో వాడి చూశారు కూడా. పత్రికలు ఆకాశానికెత్తాయి, జనం కొనలేదు. ఆ తరవాత 2010లో శుభ్రాంశు చౌధరి మొదలుపెట్టిన సీజీనెట్ స్వర మాత్రం ఇక్కడ నిలదొక్కుకుంది. అది జనం చేతిలో కొత్త పరికరం పెట్టలేదు. వాళ్ల దగ్గరున్న మామూలు ఫోనునుంచే తమ ఊరి కబురు తమ భాషలో చెప్పి, పక్క ఊరి కబురు వినే వీలు కల్పించింది. బస్తరులో తెర కంటే గొంతు ఎక్కువ దూరం పోతుంది. నేను నేర్చుకున్నది అదే.

ముందు కివిక్స్ పెట్టి తెలుగు వికీపీడియాను నెట్టు లేకుండా చదివే ఏర్పాటు చేశాను. హైస్కూలు పిల్లలు నలుగురైదుగురు వాడారు. మంచిదే. కాని అసలు పని సంతదారిలో ఉన్న కిరాణా కొట్లో మొదలైంది. పాత రేకుడబ్బాలో బోర్డు, ఒక స్పీకరు, మూడు బటన్లు. ఒకటి నొక్కితే దోర్లి, ఇంకోటి గోండి, మరోటి తెలుగు. విషయం ఒక్కటే: పాము కరిస్తే ఏం చెయ్యాలి. కొయ్యొద్దు, పీల్చొద్దు, బిగించి కట్టొద్దు, కాలో చెయ్యో కదలకుండా ఉంచి వెంటనే ఆస్పత్రికి పదండి. (నొక్కేవాళ్లలో సగం మంది ఊరికే ఆడుకునే పిల్లలే. నొక్కనీండి, వాళ్లకే ముందు కంఠతా వచ్చింది.)

పామే ఎందుకు? 2020లో వచ్చిన ఒక అధ్యయనం మన దేశంలో ఏటా సగటున 58,000 మంది పాముకాటుతో పోతున్నారని లెక్కగట్టింది. వానాకాలం రాత్రి నేలమీద పడుకున్నవాణ్ని కట్లపాము కరిస్తే గాటు కూడా సరిగా కనబడదు. నొప్పీ పెద్దగా ఉండదు. కడుపునొప్పి అంటాడు, తరవాత కనురెప్పలు వాలతాయి, ఆ పైన ఊపిరి. ఈలోగా ఇంటివాళ్లు వెళ్లేది గునియా దగ్గరికి.

గునియా మంత్రానికి గుణం కనబడటంలో వింత లేదు. జెర్రిపోతు, నీరుకట్టె లాంటి విషం లేని పాములు కరిచిన కాట్లు బోలెడు. విషపు పాము కూడా కరిచిన ప్రతిసారీ విషం దించదు. వాళ్లంతా మంత్రం వేసినా బతుకుతారు, వెయ్యకపోయినా బతుకుతారు. బతికినవాడు సంతలో చెప్పుకుంటాడు, పోయినవాడు చెప్పడు. కోవూరుగారిలా లక్ష రూపాయల సవాలు విసరొచ్చు. కాని ఇక్కడ సవాలులో గునియా ఓడితే ఊరు ఓడినట్టు అనుకుంటారు, మన మాట అసలు వినరు.

అందుకని నేనే అతని దగ్గరికి వెళ్లాను. "దాదా, కరిచిన ప్రతి కాటూ రాద్దాం. బతుకుతాడో లేదో తెలియకముందే రాద్దాం" అన్నాను. ఆయన నవ్వి, "రాయండి గురూజీ, పేరు నాకే వస్తుంది" అన్నాడు.

పేర్లు రాయలేదు. కరిచిన టైము, పాము చూసినవాళ్లు చెప్పిన గుర్తులు, గునియా దగ్గరికి చేరిన టైము, ఆస్పత్రికి బయల్దేరిన టైము, చేరిన టైము. కొట్టు కుర్రాడు టైపు చేస్తాడు. ఒకసారి ఎక్కిన వరసను వెనక్కి వెళ్లి దిద్దే వీలు పెట్టలేదు. ఒక చిక్కు మాత్రం వచ్చింది. ఈ బోర్డులో సొంత గడియారం లేదు. నెట్టు లేనిచోట కరెంటు పోయి వస్తే, చివర ఆగిన టైమే ఇప్పుడూ అనుకుంటుంది. ఎప్పుడు జరిగిందో చెప్పలేని సాక్షి ఎందుకు? డీఎస్ 3231 అనే చిన్న గడియారం ముక్క తగిలించాను. బొత్తాం బ్యాటరీతో నడుస్తుంది, ఏడాదికి నిమిషం అటూ ఇటూ, అంతే.

రెండు వానాకాలాల వరసలు ముందేసుకుని నేనూ దాదా కూచున్నాం. మంత్రం దగ్గర పోయిన టైము ఉంది, దాన్ని ఆయన కాదనలేదు. కాని బండి కోసం ఎదురుచూడటంలో, వాగు దిగిపోయేదాకా ఆగటంలో పోయిన టైము చాలాచోట్ల అంతకంటే ఎక్కువ. మన మిత్రులు కొందరికి ఈ మాట రుచించదు. మూఢనమ్మకమే చంపిందంటే చెప్పడం తేలిక, వాగుమీద వంతెన అడగడం కష్టం. ఈ కాగితాలు పంచాయతీకి ఇచ్చాను. వంతెన ఇంకా లేదు. వానలు మొదలయ్యాక ఒక జీపు రాత్రిపూట ఇవతలి ఒడ్డున ఉండేటట్టు మాత్రం ఒప్పుకున్నారు.

దాదా కూడా పద్ధతి మార్చుకున్నాడు. ముందు బండి కదలాలి, మంత్రం బండిలో. "మంత్రం మానిపించలేదా?" అని మొన్నామధ్య విజయవాడలో ఒక మిత్రుడు నిలదీశాడు. మానిపించలేదు. బండి ఆగనంతవరకు ఆయన ఏం గొణుక్కున్నా నాకు అభ్యంతరం లేదు, ఎవరికైనా ఉంటే వాదిద్దాం.

ఈసారి వానలకు ముందు ఆయనే ఒకటి అడిగాడు. నేలమీద పడుకోవద్దు, దోమతెర అంచు పరుపు కిందికి దోపండి అన్న ముక్క తన గొంతుతో వినిపించాలట. దోర్లిలో రికార్డు చేశాం. డబ్బాకు నాలుగో బటను బిగించాను.