రెక్క మీద కోత

తెలుగు నేల నుంచి సియాటిల్ చేరిన ముస్లింలం మేం కొందరం. చాలా ఏళ్లు ప్యూజెట్ సౌండ్ ఉప్పునీళ్లలో కయాక్ వేసుకుని ఫ్లౌండర్ చేపలు పట్టాం. చేపకు జబహ్ అక్కర్లేదు. పట్టింది పట్టినట్టు తెచ్చి పులుసు పెట్టుకున్నాం. ఇప్పుడు పడవ వదిలి నదిలో దిగాం. నడుంలోతు చన్నీళ్లలో నిలబడి, ఈకలు చుట్టిన గాలం విసురుతూ స్టీల్‌హెడ్ కోసం కాస్తున్నాం.

నదిలోనే ఉండిపోతే దాని పేరు రెయిన్‌బో ట్రౌట్. సముద్రానికి పోయొస్తే స్టీల్‌హెడ్. జాతి ఒకటే. తిరిగొచ్చినదాన్ని పరాయిదని ఏ నదీ అనదు. మమ్మల్ని మాత్రం పుట్టిన ఊళ్లోనే ఎక్కణ్ణించి వచ్చారని అడుగుతారు.

హేచరీలో పెంచిన పిల్లలకు వీపు మీద, తోక దగ్గరుండే చిన్న రెక్క కోసి నదిలో వదులుతారు. పట్టినప్పుడు కోత కనిపిస్తే, అనుమతి ఉన్నచోట, చంపొచ్చు. లేకపోతే వదిలెయ్యాలి. 2007 నుంచి ప్యూజెట్ సౌండ్ స్టీల్‌హెడ్‌కు చట్టం రక్షణ ఉంది. సహజంగా పుట్టినదాన్ని కాపాడాలి, న్యాయమే.

కానీ రెక్క తడిమే మా వేలు వణుకుతుంది. 1947లో బట్టలిప్పించి, సున్తీ చూసి ప్రాణాలు తీశారు. కోత చూసి చావు తేల్చడం మాకు ఆట కాదు. అందుకే కోత ఉన్నదాన్నీ వదిలేస్తున్నాం. నవ్వేవాళ్లు నవ్వండి.