సముద్రతీరాన బస ఎవరి కోసం?

కుటుంబంతో విహారానికి వెళ్ళడం వృథా కాలక్షేపమని, ధార్మిక జీవితానికి దానితో నిమిత్తం లేదని భావించేవారు మనలో ఉన్నారు. ‘నీ ఇంటివారికి నీపై హక్కు ఉంది’ అన్న భావాన్ని హజ్రత్ సల్మాన్ ఫారిసీ (రజి) తన సోదరుడు అబూ దర్దా (రజి)కు గుర్తుచేయగా, దైవప్రవక్త (సఅసం) దానిని సమర్థించారు. ఆలుబిడ్డల ఉల్లాసం కూడా ఆ హక్కులో భాగమే.

ఒక ఏడాది ఈదుల్ ఫిత్ర్ తర్వాతి సెలవుల్లో బాపట్లకు సుమారు 9 కిలోమీటర్ల దూరంలోని సూర్యలంక తీరానికి వెళ్ళాలని మా ఇంట్లో నిర్ణయమైంది. బస విషయంలో మూడు మార్గాలు కనిపించాయి: పట్టణంలో చౌక లాడ్జి, ఈతకొలను ఉన్న ఖరీదైన రిసార్టు, తీరానికి నడక దూరంలో సాదా కాటేజీలు. పిల్లలు ఈతకొలను కావాలన్నారు. మా అబ్బాయి కూడా అటే మొగ్గాడు. అప్పుడు నా భార్య అడిగింది: “పిల్లలు ఈదుతారు, మగవాళ్ళు ఈదుతారు. నేను, కోడలు కుర్చీల్లో కూర్చొని సంచులకు కాపలా కాయాలా?”

ఆ ప్రశ్నతో లెక్క మారిపోయింది. స్త్రీపురుషులు కలిసి దిగే కొలనుకు మనం చెల్లించే అద్దెలో మన స్త్రీలకు దక్కేది ఏమీ లేదు. లాడ్జిలో దిగితే సముద్రానికి రానుపోను ఆటో కోసం ఎదురుచూపులే మిగులుతాయి. కాటేజీలలో దిగాము. ఫజ్ర్ నమాజు అయిన వెంటనే ఇంటిల్లిపాదీ తీరానికి నడిచాము. ఆ వేళ జాలరులు తప్ప జనం లేరు. అత్తాకోడళ్ళు పర్దా చెదరకుండానే పాదాలు తడుపుకొంటూ చాలా దూరం నడిచారు.

ఖర్చులో దుబారాకు, పిసినారితనానికి నడుమ నిలిచేవారిని దివ్య ఖుర్ఆన్ (ఫుర్ఖాన్: 67) ప్రశంసించింది. మధ్యస్థమైన ధర చూడటంతోనే ఆ మితం సిద్ధించదు. ఖర్చుపెట్టిన సొమ్ము ఇంట్లో అందరికీ ఉపయోగపడాలి.

కనుక గది తీసుకునే ముందే ఫోనులో కొన్ని విషయాలు అడగండి. ఆవరణలో మద్యం అమ్ముతారా? మాంసం జబీహాయేనా? కాకుంటే కూర, పప్పు, చేపలతో సరిపెట్టుకోవచ్చు. సముద్రపు చేప మనకు హలాలే. పిల్లల పడకకు అదనపు రుసుము ఎంత? వరండాకు చాటు ఉందా? వీలైతే ఆదివారాలను, కార్తీక మాసాన్ని తప్పించండి. అప్పుడు స్నానాలకు వచ్చేవారితో తీరం కిక్కిరిసి ఉంటుంది. పిల్లలను మాత్రం మోకాలి లోతు దాటనివ్వకండి, చేయి వదలకండి. వెనక్కి మళ్ళే అల కాళ్ళ కింది ఇసుకను లాగేస్తుంది, పెద్దలే తూలిపోతారు.

విహారంలోనూ నమాజును, హయాను, ఇంటివారి హక్కును కాపాడుకొనే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.