నాన్న జేబు పుస్తకం

ఏలూరులో ఆ ఇంటి పెద్దాయన చొక్కా జేబులో ఎప్పుడూ రెండుంటాయి. ఒకటి సెల్‌ఫోన్, రెండోది అరచేతిలో ఇమిడే చిన్న పుస్తకం. ఫోను మాట్లాడ్డానికి, పుస్తకం గుర్తుంచుకోడానికి. ఏళ్ల తరబడి కొల్లేరు పక్కన చేపల చెరువు చేస్తున్న మనిషి. మేత బాకీలు, పట్టుబడి రోజులు, లారీ మాట్లాడాల్సిన సంగతి... అన్నీ ఆ పుస్తకంలోనే.

కూతురు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. కరోనా వచ్చిన 2020లో ఇంటికొచ్చి ఇక్కడినుంచే పనిచేసేది. ఎవరి సొంత వివరాలు వాళ్లు ఫోన్లో దాచుకునే అప్లికేషన్‌కి తెరలు గీయడం ఆమె పని. అడ్రసులు, క్యాలెండర్, పనులు, నోట్స్... నాలుగు గదులు చక్కగా సర్దింది. తండ్రికంటే మంచి పరీక్షకుడు ఎవరుంటారు?

"నాన్నగారూ, మీ పుస్తకంలోవన్నీ ఇందులో రాసుకోండి" అంటూ ఫోను చేతికిచ్చింది.

ఆయన కళ్లజోడు సవరించుకున్నారు. రాయాల్సింది ఒక్కటే ముక్క: 'శుక్రవారం పట్టుబడి, ఐసుకి చెప్పాలి, మేతాయన బాకీ ఇచ్చెయ్యాలి.'

"ఇది ఎందులో రాయాలమ్మా?"

ఆమె దగ్గర జవాబు లేదు. అందులో తేదీ ఉంది, పని ఉంది, మనిషి ఉన్నాడు, డబ్బూ ఉంది. నాలుగు గదుల్లో దేన్లోనూ అది పూర్తిగా పట్టదు. మనుషుల పేర్లదీ అదే తంతు. మొదటి పేరు, చివరి పేరు అంటూ అడుగుతుంది తెర. ఆయన పుస్తకంలో మనుషులు 'ఐసు', 'మేత', 'వల'. సంవత్సరాలకీ అంకెలుండవు. 2006 అంటే ఆయనకి 'కొల్లేట్లో గట్లు కొట్టేసిన ఏడాది'.

ఈ చిక్కు పెద్దపెద్దవాళ్లకీ ఎదురైందే. 1988లో వచ్చిన లోటస్ ఎజెండా, ముందు మనసుకి తోచింది రాసెయ్యండి, తర్వాత వర్గాలుగా విడదీసుకోవచ్చు అంది. దాని రూపకర్తల్లో ఒకరైన మిచ్ కపోర్ 2002లో చాండ్లర్ అనే మరో ప్రయత్నానికి దిగాడు. ఉత్తరం, పని, తేదీ వేర్వేరు కావు, ఒకే వస్తువు అన్నది దాని మూలసూత్రం. తొలి పూర్తి రూపం రావడానికి 2008 దాకా పట్టింది. అప్పటికి జనం వేరే దారిన వెళ్లిపోయారు.

ఆమె ఇవన్నీ చదువుకున్నదే. అయినా పాఠం నేర్పింది మాత్రం ఒక మబ్బు పట్టిన రాత్రి.

చెరువులో నాచు పగలు ప్రాణవాయువుని ఇస్తుంది, రాత్రి తానే పీల్చుకుంటుంది. మబ్బు రోజైతే పగలు తయారయ్యేదీ తక్కువే. తెల్లారుజాముకి చేపలు నోళ్లు తెరుచుకుని పైకి తేలతాయి. అందుకే అలాంటి రోజున రాత్రికి ఇంజను వేసి నీళ్లు తిరగదోడమని కాపలా మనిషికి చెప్పాలి. ఆ సాయంత్రం ఆయన ఆ మాట కూతురి ముచ్చట కోసం ఫోన్లో రాశారు. తేదీ, టైము పెట్టలేదు. అది నోట్స్ గదిలో అడుగున పడిపోయింది. మోగలేదు.

పొద్దున్నే చెరువు మీద తెల్లగా తేలిన చేపలు. అన్నీ పోలేదు గానీ, పోయినవి తక్కువేం కాదు.

ఆయన కోప్పడలేదు. "పుస్తకంలో రాసుంటే అన్నానికి ముందు చూసుకునేవాణ్నమ్మా" అన్నారంతే.

పామ్ పైలట్ 1996లో బయటికి రాకముందు, దాన్ని తయారుచేసిన జెఫ్ హాకిన్స్ ఆ సైజు చెక్కముక్కని జేబులో పెట్టుకుని తిరిగాడట. అవసరం పడినప్పుడల్లా తీసి దానిమీద రాస్తున్నట్టు నటించేవాడట. ఆమె కూడా కంప్యూటర్ మూసేసి తండ్రి వెంట చెరువుకెళ్లింది. ఆయన పుస్తకం ఎప్పుడు తీస్తున్నారో చూసింది. బండి మీద కూర్చుని, తడి చేతుల్తో, అర నిమిషంలో. పని మిగిలిన పేజీ మూల మడత పెడతారు. పుస్తకం తీస్తే ఆ మడత దగ్గరే తెరుచుకుంటుంది. వెతకనక్కర్లేదు.

గదులన్నీ తీసేసింది. తెరవగానే ఖాళీ గీత ఒకటి, దాని కింద ఇంకా తెమలని పనులు. తేదీ లేకపోయినా సరే, పని అయ్యేదాకా కళ్లముందే ఉంటుంది. అయిపోతే మాయమయ్యేట్టు పెట్టింది. తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల వ్యాపారం చేసే మేనమామ చూసి తల అడ్డంగా ఊపాడు.

"చెరిపేస్తే ఎలాగమ్మా? కొట్టేసింది కూడా కనబడాలి. అప్పుడే లెక్కని నమ్ముతారు."

అదీ మార్చింది.

తిరిగి హైదరాబాదు బయల్దేరే ముందు రోజు తండ్రి ఫోను తెరిచి చూసింది. జేబులో పుస్తకం అలాగే ఉంది గానీ, ఫోన్లోనూ కొత్తగా ఒక ముక్క చేరింది. 'అమ్మాయి వెళ్లేలోగా కొర్రమీను పులుసు, వాళ్లమ్మకి చెప్పాలి.'

అది తేదీయా, పనా, మనిషా? ఆమె విడదీయలేదు.